ఎంజైము చర్యలు, ఉపరితల వైశాల్యం: కోనసీమ కొబ్బరి చెప్పే లెక్క

ఘన పదార్థం మీద గానీ, నీటిలో కలవని నూనె మీద గానీ ఎంజైములు పనిచేసేటప్పుడు ఆ చర్య వేగం ఆ పదార్థపు ఉపరితల వైశాల్యాన్ని బట్టి మారుతుంది. ముక్క చిన్నదయ్యేకొద్దీ అదే బరువుకు బయటపడే తలం పెరుగుతుంది, ఎంజైము అణువులు వాలడానికి చోటు పెరుగుతుంది, ఒక నిమిషంలో తయారయ్యే ఉత్పన్నం పెరుగుతుంది. పాఠ్యపుస్తకాలు సాధారణంగా ఈ మాట చెప్పి ఊరుకుంటాయి. అది నిజమే కానీ సగం నిజం. వేగాన్ని నిర్ణయించేది కొలబద్దతో కొలిచే వైశాల్యం కాదు, ఎంజైముకు అందే వైశాల్యం. ఈ రెంటికీ మధ్య ఒక్కోసారి చాలా దూరం ఉంటుంది.

ఆ దూరాన్ని చూపడానికి కొబ్బరి కంటే మంచి సరుకు దొరకడం కష్టం. డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా మామిడికుదురు మండలంలో, వైనతేయ గోదావరి ఒడ్డున ఉన్న అప్పనపల్లి బాలబాలాజీ క్షేత్రంగా పేరుపడింది. ఆ గుడికి ఆద్యుడిగా చెప్పుకునే మొల్లేటి రామస్వామి కొబ్బరి వర్తకుడు. చుట్టుపక్కల ఊళ్ళ బతుకంతా దింపు, ఒలుపు, రాశులు, అంబాజీపేట మార్కెట్ ధర చుట్టూ తిరుగుతుంది. ఇక్కడ ఒకే కాయ కురిడీగా, చెక్కలుగా, కోరుగా, పాలుగా, డొక్కగా, పీచుగా, పొట్టుగా మారుతుంది. ప్రతి మార్పులోనూ తలం మారుతుంది, దానితోపాటు ఎంజైముల పనీ మారుతుంది.

తలం ఎప్పుడు లెక్కకొస్తుంది

పంచదార నీళ్ళలో కరిగిపోయాక దానికి ఉపరితలం అంటూ ఉండదు. ప్రతి అణువూ విడిగా నీటిలో తిరుగుతుంది, ఎంజైమూ అలాగే తిరుగుతుంది, రెండూ ఎదురుపడ్డప్పుడు చర్య జరుగుతుంది. లియొనార్ మైకేలిస్, మాడ్ మెంటెన్ 1913లో ఇన్వర్టేజ్ ఎంజైము మీద పనిచేసి ఇచ్చిన సమీకరణం ఇలాంటి ద్రావణాలకే. అందులో వేగం అధస్థ పదార్థపు, అంటే ఎంజైము పనిచేసే పదార్థపు, గాఢతను బట్టి పెరిగి, ఎంజైములన్నీ పనిలో మునిగిపోయాక ఒక గరిష్ఠ స్థాయి దగ్గర నిలిచిపోతుంది. ఆ సమీకరణంలో వైశాల్యం ప్రసక్తే లేదు.

బియ్యపు గింజ, కొబ్బరి ముక్క, నూనె బొట్టు, గడ్డిపరక అలా కావు. వాటి లోపలి అణువులు ఎంజైముకు కనపడనట్టే. ముందు ఎంజైము తలం మీద వాలాలి, అక్కడ అంటుకోవాలి, ఆ తరువాతే తన పని చేయాలి. ఇక్కడ గాఢత స్థానంలో వైశాల్యం వస్తుంది. ఎంజైము సమృద్ధిగా ఉంటే తలం రెట్టింపైనప్పుడు వేగం కూడా దాదాపు రెట్టింపవుతుంది. ఎంజైమే కొద్దిగా ఉంటే, ఉన్నదంతా తలాన్ని అంటుకున్న తరువాత ఎంత మెత్తగా నూరినా ఫలితం ఉండదు, ఖాళీ తలం ఖాళీగానే మిగులుతుంది. తిరగేసి చూస్తే, తలం కొద్దిగా ఉన్నచోట ఎంజైమును ఎంత పోసినా వాలే చోటు లేక వేగం ఒక స్థాయిలో ఆగిపోతుంది. ద్రావణంలో అధస్థ పదార్థం పెంచితే వచ్చే స్తంభన ఇక్కడ ఎంజైమును పెంచినా వస్తుంది.

వైశాల్యం పెరిగినంత మాత్రాన ఏ ఒక్క ఎంజైము అణువూ మునుపటి కంటే చురుకుగా పనిచేయదు. పనిలో ఉన్న అణువుల సంఖ్య పెరుగుతుంది, అంతే. ఉష్ణోగ్రత, ఆమ్లత్వం చేసే మార్పు వేరు: అవి అణువు పనితీరునే మారుస్తాయి. పరీక్ష జవాబుల్లో ఈ రెంటినీ ఒకే గాటన కట్టేయడం మామూలు.

కురిడీ నుంచి కోరు దాకా

కాయను ఒలవకుండా అటక మీద నెలల తరబడి ఉంచితే లోపలి నీళ్ళు మెల్లగా ఇంకి, కొబ్బరి కుంచించుకుని చిప్పను వదిలేస్తుంది. ఊపితే లోపల గుండులా కొట్టుకుంటుంది. అదే కురిడీ. దీన్ని కోనసీమ నుంచి ఎక్కువగా ఉత్తరాది రాష్ట్రాలకు పంపుతారు. రెండోది నూనె మిల్లు సరుకు: కాయను పగలగొట్టి, చెక్కలను ఎండబెట్టి, చిప్ప నుంచి తీసినది. కేంద్ర ప్రభుత్వం ఈ రెంటికీ వేర్వేరు మద్దతు ధరలు ప్రకటిస్తుంది. 2025 సీజనుకు మిల్లింగ్ కొబ్బరికి క్వింటాలుకు 11,582 రూపాయలు, గుండు కొబ్బరికి, అంటే కురిడీకి, 12,100 రూపాయలు. ధరలో తేడాకు కారణాలు చాలా ఉన్నాయి కానీ, సరుకు నిలవ ఉండే తీరులో తేడాకు మూలం తలమే.

లెక్క వేసి చూడవచ్చు. 9 సెంటీమీటర్ల వ్యాసం, 1 సెంటీమీటరు మందం ఉన్న గుండ్రటి కొబ్బరి అనుకుందాం. దాని ఘనపరిమాణం సుమారు 202 ఘన సెంటీమీటర్లు. గుండుగా ఉన్నప్పుడు బయటికి ఉన్న తలం దాదాపు 254 చదరపు సెంటీమీటర్లు, అదీ గోధుమరంగు పొర కప్పిన తలం, దాని పైన చిప్ప, ఆ పైన డొక్క. రెండు చెక్కలు చేయగానే లోపలి తెల్లటి తలమూ అంచులూ కలిసి అది 458 అవుతుంది. అంటే ఒకటిన్నర రెట్లు దాటింది, పైగా కొత్తగా తెరుచుకున్న తలం మీద ఏ పొరా లేదు. ఇదే కొబ్బరిని మిల్లీమీటరు మందం, మిల్లీమీటరు వెడల్పు పీచుల్లా కోరితే తలం 8,000 చదరపు సెంటీమీటర్లు దాటుతుంది. గుండుతో పోలిస్తే ముప్పై రెట్లకు పైమాట.

చెక్కల మీద జరిగేది నిజానికి ఒక పందెం. పచ్చి కొబ్బరిలో సగానికి దగ్గరగా నీళ్ళుంటాయి. వాటిని 6 శాతానికి దించితే బూజు పెరగడం కష్టమవుతుంది. తెరుచుకున్న తలం ఆ నీటిని త్వరగా బయటికి పంపుతుంది, అదే తలం బూజు విత్తనాలకు స్థావరం కూడా అవుతుంది. ఎండ నిలకడగా కాస్తే ఆరుదల గెలుస్తుంది. ముసురు పట్టినా, అక్టోబరు, నవంబరు నెలల్లో తుపాను కమ్ముకున్నా బూజే గెలుస్తుంది. ఆస్పర్జిల్లస్ వంటి బూజులు తమ లైపేజ్ ఎంజైములను బయటికి వదిలి, నూనెను ముక్కలు చేసి, స్వేచ్ఛా కొవ్వు ఆమ్లాలను పుట్టిస్తాయి. సరుకు ముక్క వాసన వేస్తుంది, నూనె ఆమ్లత్వం పెరుగుతుంది. వీటిలో ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని కూడా తయారుచేస్తుంది. కురిడీలో నీళ్ళు పోవడానికి నెలలు పడుతుంది, అయినా చిప్ప పగలనంత కాలం లోపలికి బూజు దారి దొరకదు. నిదానంగా ఆరడమే అక్కడ చెల్లుబాటైంది.

కోరును రుబ్బితే సంగతి మరోలా ఉంటుంది. కొబ్బరి నూనె కణాల లోపల ఉంటుంది. కణం చుట్టూ ఉండే గోడలో ఎక్కువ భాగం మానన్లనే చక్కెర గొలుసులు. వాటిని కోసే ఎంజైము మనిషి జీర్ణరసాల్లో లేదు. అందుకే కొబ్బరి ముక్కను సరిగా నమలకుండా మింగితే, తెగని కణాల్లోని నూనె చాలావరకు చిన్నపేగు దాటిపోతుంది. మిల్లీమీటరు కోరులో కూడా అంచున ఉన్న కణాలే తెగుతాయి, నడుమనున్నవి మూసుకునే ఉంటాయి. ఇక్కడ చూడవలసిన తలం కోరు పైతలం కాదు, తెగిన కణాల మొత్తం. పచ్చడికి నూరడం, పాలు తీయడానికి రుబ్బి పిండడం కణాలను చితకగొట్టే పనులు. పిండాక మిగిలే పిప్పిలో ఇంకా నూనె ఉండిపోవడం ఎన్ని కణాలు తప్పించుకున్నాయో చెబుతుంది. ఈ కిటుకును తిరగేసి, గోడలను ఎంజైములతోనే కోయించి నూనెను నీటిలోకి తెచ్చే పద్ధతి మీద 1980ల నుంచి ప్రయోగాలు జరిగాయి. రుబ్బిన కొబ్బరికి పాలీగాలక్ట్యురోనేజ్, అమైలేజ్, ప్రోటియేజ్ కలిపి సుమారు 80 శాతం నూనె రాబట్టినట్టు 1986లో ఒక పరిశోధన పత్రం వచ్చింది. ఆ పద్ధతిలోనూ మొదటి మెట్టు రుబ్బడమే.

నూనె బొట్టు మీద లైపేజ్

తలానికీ ఎంజైముకూ ఉన్న సంబంధం అన్నిటికన్నా స్పష్టంగా కనిపించేది కొవ్వుల జీర్ణక్రియలో. లైపేజ్ నీటిలో ఉంటుంది, నూనె నీటిలో కలవదు. రెండూ కలిసేది బొట్టు పైతలం మీదే.

ఒక ఘన సెంటీమీటరు నూనె ఒకే గుండ్రటి బొట్టుగా ఉంటే దాని తలం సుమారు 4.8 చదరపు సెంటీమీటర్లు. 10 మైక్రాన్ల వ్యాసమున్న బొట్లుగా విడగొడితే 6,000 చదరపు సెంటీమీటర్లు. ఒక మైక్రాను బొట్లుగా చేస్తే 60,000, అంటే 6 చదరపు మీటర్లు. కొబ్బరి పాలు తెల్లగా కనపడటానికి కారణం ఇలాంటి సన్నటి బొట్లే, వాటి చుట్టూ ప్రోటీన్ల పూత ఉంటుంది. పేగులో ఈ విడగొట్టే పనికి పైత్యరసం తోడ్పడుతుంది. జీర్ణాశయం చిలికినట్టు కదిలి మొదటి ముక్కలు చేస్తే, పైత్య లవణాలు అవి మళ్ళీ కలిసిపోకుండా చూస్తాయి.

1958లో ఫ్రాన్సులో లూయీ సార్దా, పియర్ దెన్యుయెల్ క్లోమ లైపేజ్ మీద చేసిన ప్రయోగం ఈ రంగంలో మూలస్తంభం. కొద్దిగా నీటిలో కరిగే ఒక కొవ్వు లాంటి పదార్థాన్ని తీసుకుని దాని పాళ్ళను పెంచుతూ పోయారు. పూర్తిగా కరిగి ఉన్నంతవరకు లైపేజ్ దాదాపు ఊరికే కూర్చుంది. కరగగలిగిన హద్దు దాటి, మిగులు సన్నటి బొట్లుగా విడిపోగానే వేగం ఒక్కసారిగా ఎగబాకింది. మామూలు ఎస్టరేజ్ ఎంజైములు ఇలా ప్రవర్తించవు, కరిగిన పదార్థం మీదే బాగా పనిచేస్తాయి. అంటే లైపేజ్‌కు తలం పని జరిగే చోటు మాత్రమే కాదు, దాన్ని మేల్కొలిపేదీ అదే. కారణం 1990లో స్ఫటిక నిర్మాణాలు బయటికొచ్చాక కనపడింది. ఎంజైము క్రియాశీల స్థానం మీద ఒక మూత ఉంటుంది, నూనె తలం తాకినప్పుడు అది పక్కకు జరుగుతుంది.

ఇక్కడే ఒక మెలిక ఉంది. పైత్య లవణాలు బొట్లను చిన్నవిగా ఉంచుతాయి సరే, అవే బొట్టు చుట్టూ కప్పుకుని లైపేజ్‌ను తోసేస్తాయి. శరీరం కోలైపేజ్ అనే చిన్న ప్రోటీన్‌ను పంపి, లైపేజ్‌ను తలానికి పట్టించి ఉంచుతుంది. అది లేని పరీక్షనాళికలో పైత్య లవణాలు ఎక్కువ పోస్తే తలం విస్తారంగా ఉండి కూడా చర్య మందగిస్తుంది. వైశాల్యం ఒక్కటే చూసి వేగం అంచనా వేసేవారికి ఈ ఉదాహరణ చాలు.

బియ్యం, నూక, తవుడు

పిండిపదార్థం విషయంలో తలం రెండు అంచెల్లో పనిచేస్తుంది. మొదటిది గింజ పరిమాణం, రెండోది దాని లోపలి పిండి రేణువు. బియ్యపు పిండి రేణువులు 3 నుంచి 8 మైక్రాన్లే, ఆహార ధాన్యాల్లో అతి చిన్నవాటిలో ఇవి ఒకటి. బంగాళాదుంప రేణువులు 100 మైక్రాన్ల దాకా పెరుగుతాయి. పచ్చిగా ఉన్నప్పుడు బియ్యపు రేణువులను అమైలేజ్ బంగాళాదుంప రేణువుల కంటే త్వరగా కరిగించడానికి ఒక కారణం ఈ సన్నదనం, బంగాళాదుంప రేణువు లోపలి స్ఫటిక అమరిక మరో కారణం. ఉడికించగానే రేణువు ఉబ్బి, అమరిక చెదిరి, ఆ తేడా చాలావరకు పోతుంది. వంట అనేది ఎంజైము దృష్టిలో కొత్త తలాన్ని తెరవడమే.

మనుషుల మీద కొలతలూ ఉన్నాయి. 1988లో బ్రిస్టల్‌కు చెందిన కెన్నెత్ హీటన్ బృందం గోధుమ, మొక్కజొన్న, ఓట్స్‌ను పూర్తి గింజల నుంచి మెత్తటి పిండి దాకా వేర్వేరు రూపాల్లో పెట్టి చూసింది. మెత్తనయ్యేకొద్దీ పరీక్షనాళికలో పిండి జీర్ణమయ్యే వేగం మూడింటిలోనూ పెరిగింది, గోధుమ, మొక్కజొన్నల్లో తిన్నవారి రక్తంలో ఇన్సులిన్ స్పందనా పెరిగింది. ఓట్స్ తిన్నవారి ఇన్సులిన్ స్పందనలో అలాంటి తేడా రాలేదు. ఓట్స్ నీటిలో జిగురుగా మారి ఎంజైము కదలికనే మందగింపజేస్తుంది కనుక, తిన్నవారిలో దాని ముక్క పరిమాణం నిర్ణయాత్మకం కాదన్నది ఒక వివరణ. ఆత్రేయపురం పూతరేకు నోట్లో పెట్టగానే కరిగిపోవడంలో ఉడికిన పిండి పొర పల్చదనం ముఖ్యం. ఆ కొన్ని క్షణాల్లో లాలాజలపు అమైలేజ్ చేసేది స్వల్పమే, తేమకు పొర చెదరడమే ఎక్కువ.

తవుడు కథ వేరు. వడ్లలో నూనె ఒక పొరలో, లైపేజ్ మరో పొరలో విడివిడిగా ఉంటాయి. గింజ చెక్కుచెదరనంత కాలం రెండూ కలవవు. మిల్లులో దంపుడు పడగానే పొరలు పిండిపిండై, నూనె తలం ఎదురుగా ఎంజైము వచ్చి నిలుస్తుంది. ఆ క్షణం నుంచి తవుడులో స్వేచ్ఛా కొవ్వు ఆమ్లాలు రోజుకు 5 నుంచి 7 శాతం దాకా పెరగగలవు. తవుడు నూనె మిల్లులు ఆవిరితో వేడిచేసి లైపేజ్‌ను పనికిరాకుండా చేసేది ఇందుకే. తలాన్ని వెనక్కి తీసుకోలేం, ఎంజైమును చంపగలం.

ఎంజైమే తలానికి అంటుకున్నప్పుడు

ఇప్పటిదాకా తలం అధస్థ పదార్థానిది. దాన్ని ఎంజైము వైపు నుంచీ చూడవచ్చు. చిన్నపేగు గోడ మీది వేళ్ళలాంటి మడతల చివరన లాక్టేజ్, సుక్రేజ్ వంటి ఎంజైములు పాతుకుని ఉంటాయి. అవి అక్కడి నుంచి కదలవు, చక్కెరలే వాటి దగ్గరికి వస్తాయి. పేగు లోపలి తలాన్ని పాత పుస్తకాలు టెన్నిస్ కోర్టుతో పోల్చేవి. 2014లో స్వీడన్ పరిశోధకులు హెలాండర్, ఫాండ్రిక్స్ కొత్తగా కొలిచి, జీర్ణనాళం మొత్తం తలం సగటున 32 చదరపు మీటర్లని తేల్చారు. అది సుమారు సగం బ్యాడ్మింటన్ కోర్టు. ఏదైనా జబ్బుతో ఆ మడతలు చదునైపోతే తలంతోపాటు లాక్టేజ్ కూడా తగ్గి పాలు పడకుండా పోతాయి.

పరిశ్రమలో ఈ పద్ధతిని మనిషి చేతులతో అనుకరించారు. 1916లో నెల్సన్, గ్రిఫిన్ ఇన్వర్టేజ్‌ను బొగ్గు మీద అంటించి, అంటుకున్న తరువాత కూడా అది పంచదారను విడగొడుతోందని చూపారు. అలాగైతే తలం ఎక్కువున్న బొగ్గు మరీ మంచిదనిపిస్తుంది. కొబ్బరి చిప్పల నుంచి చేసే ఉత్తేజిత బొగ్గులో గ్రాముకు దాదాపు 1,000 చదరపు మీటర్ల తలం ఉంటుంది. కానీ అందులో ఎక్కువ భాగం 2 నానోమీటర్ల కంటే సన్నటి రంధ్రాల లోపలిది, ఎంజైము అణువేమో సుమారు 5 నానోమీటర్లు. వాయువులకూ రంగు అణువులకూ అందే ఆ తలం ఎంజైముకు అందదు. అందుకే ఎంజైముల కోసం పెద్ద రంధ్రాలున్న పదార్థాలనే ఎంచుకుంటారు, గ్రాముకు వైశాల్యం తగ్గినా సరే. రంధ్రం మరీ లోతుగా ఉన్నా చిక్కే: పదార్థం లోపలికి చేరేలోపే అంచున ఉన్న ఎంజైములు దాన్ని ముగించేస్తాయి, లోపలివి ఊరికే ఉంటాయి.

తరగతి గది ప్రయోగం

బడిలో ఈ విషయం తెలియజేయడానికి బంగాళాదుంపనూ హైడ్రోజన్ పెరాక్సైడునూ వాడతారు. ఒకే బరువు దుంపను ఒక నాళికలో ముక్కగా, రెండోదానిలో సన్నగా తరిగి, మూడోదానిలో నూరి వేస్తారు. నూరినదానిలో నురుగు ఎక్కువ లేస్తుంది. దుంపలోని కాటలేజ్ పెరాక్సైడును నీరుగా, ఆక్సిజన్‌గా విడగొట్టడం వల్ల వచ్చే నురుగు అది. కోనసీమ బడుల్లో కందతోనైనా ఇది చేయవచ్చు, కాటలేజ్ దాదాపు అన్ని సజీవ కణాల్లోనూ ఉంటుంది.

ప్రయోగం మంచిదే. దానికి ఇచ్చే వివరణే తడబడుతుంది. ఇక్కడ అధస్థ పదార్థమైన పెరాక్సైడ్ పూర్తిగా నీటిలో కరిగి ఉంది, దానికి తలమే లేదు. ఘనంగా ఉన్నది ఎంజైమును దాచుకున్న దుంప. నూరినప్పుడు కణాలు చితికి కాటలేజ్ ద్రవంలోకి వచ్చేస్తుంది, అంటే ఎంజైము గాఢతే పెరుగుతుంది. మొదట చెప్పిన కొబ్బరి ముక్క విషయంలో జరిగేదీ ఇదీ ఒకటి కాదు. ఘనంగా ఉన్నది ఏది, ఎంజైమా, అధస్థ పదార్థమా అన్నది అడగకుండా ఈ ప్రయోగాన్ని ముగించకూడదు.

వేగాన్ని కొలవడానికి విడుదలైన వాయువును కొలవడం ఒక దారి, విడుదలైన ఆమ్లాన్ని క్షారంతో సరిచూడడం రెండోది. లైపేజ్‌కు రెండోదే వాడతారు. ఫాస్ఫేటును విడుదల చేసే ఎంజైములకు రంగు పద్ధతి ఉంది. దాని వెనుక తెలుగువాడి చెయ్యి ఉంది: భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ప్రచురించిన ఫాస్ఫరస్ కొలత అది.

మెత్తదనం పెరిగినా వేగం పెరగని చోటు

గడ్డిని కోసి పశువులకు వేయడం మంచిదే, నెమరువేసే జీర్ణాశయంలోని సూక్ష్మజీవులకు తెగిన అంచులే ప్రవేశద్వారాలు. అయితే మరీ పిండి చేస్తే అది అక్కడ నిలవకుండా త్వరగా ముందుకు జారిపోతుంది, తలం పెరిగి సమయం తగ్గుతుంది, లాభం ఏమీ మిగలదు.

కొబ్బరి డొక్క దీనికి ఇంకా మొండి సాక్ష్యం. కేరళ బ్యాక్‌వాటర్లలో డొక్కలను 6 నుంచి 10 నెలలు నానబెట్టేవారు. సూక్ష్మజీవుల పెక్టినేజ్ వంటి ఎంజైములు పీచుకూ పొట్టుకూ మధ్యనున్న జిగురును తినేస్తే పీచు విడివడేది. డొక్కను ముందే నలగగొడితే నీళ్ళూ ఎంజైములూ లోపలికి చొరబడి ఆ కాలం బాగా తగ్గుతుంది. కోనసీమలో ఈ ఓపిక లేదు. ఇక్కడ పీచు ఎక్కువగా యంత్రాల మీదే తీస్తారు, దాంతో పొట్టు గుట్టలు గుట్టలుగా మిగులుతుంది.

ఆ పొట్టు చేత్తో పట్టుకుంటే రేణువులు రేణువులుగా జారుతుంది. దాని సొంత బరువుకు ఎనిమిది రెట్లు నీళ్ళు పట్టి ఉంచగలదు. చూపుకు తలం కావలసినంత ఉంది, తేమా ఉంది. అయినా మిల్లుల పక్కన వానకు తడుస్తూ ఏళ్ళ తరబడి అలాగే పడి ఉంటుంది. అందులో దాదాపు 30 శాతం లిగ్నిన్. అది సెల్యులోజ్ పోగులను కమ్మేసి, సెల్యులేజ్ చొరబడే సందులను మూసేస్తుంది. ఇంకా మెత్తగా పొడి చేసినా పెద్దగా లాభం లేదు. కావలసింది ఆ కప్పును తీసే ఎంజైములు: లాక్కేజ్, పెరాక్సిడేజ్. వాటిని సమృద్ధిగా తయారుచేసేది ముత్యపు చిప్ప పుట్టగొడుగు. కాయర్ బోర్డు ప్రచారం చేసిన పిత్‌ప్లస్ పద్ధతిలో ఈ జాతి శిలీంధ్రాన్ని, కొద్దిగా యూరియాను పొట్టు పొరల మధ్య చల్లి తేమ ఆరకుండా చూస్తారు. సుమారు 30 రోజుల్లో కర్బన, నత్రజనుల నిష్పత్తి 112:1 నుంచి 24:1కి దిగి, పొట్టు నల్లటి ఎరువవుతుంది. శిలీంధ్రపు సన్నటి దారాలు పొట్టు గోడల్లోకి దూసుకుపోతూ, ఎంజైములకు కావలసిన తలాన్ని అవే తెరుచుకుంటూ వెళ్తాయి.